తెలిసినవాళ్ళు

ఎనిమిదో క్లాసులో మా ట్యూషన్ మాస్టారు ఇంగ్లీషు స్పెల్లింగులకి చిట్కాలు చెప్పేవారు. కాన్షెన్స్ అనే మాట పలికేదొకటి, రాసేదొకటి. డిక్టేషన్‌లో సగం క్లాసు తప్పు రాసేది. "ఏం లేదురా, ముందు కాన్ రాయండి, దాని పక్కన సైన్స్ రాయండి, అయిపోయింది" అన్నారాయన. నిజంగానే అయిపోయింది, ఆ తర్వాత ఎప్పుడూ తప్పు రాయలేదు. మనస్సాక్షి అనే అర్థమున్న మాటలో సైన్స్ ఎందుకు దూరిందని మాత్రం ఎవరమూ అడగలేదు. మార్కులకి దాంతో పనిలేదు.

ఇరవై ఏళ్ళ తర్వాత ఆఫీసులో ఒక టికెట్టు వల్ల ఆ ప్రశ్న మళ్ళీ నా దగ్గరికొచ్చింది. టికెట్టు సంగతి చివర్లో చెప్తాను. ముందు మాట సంగతి.

సైన్స్ అనగానే ఇప్పుడు మనకి ల్యాబూ, ఫార్ములాలూ, ఎంసెట్టూ గుర్తొస్తాయి. లాటిన్‌లో స్కియెంతియా అంటే అవేవీ కావు. స్కీరె అంటే తెలిసి ఉండడం, స్కియెంతియా అంటే తెలివిడి, ఎరుక. అంతే. ఆ మాట ఫ్రెంచి మీదుగా పద్నాలుగో శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చింది. వచ్చాక కూడా చాలాకాలం దానికి తెల్లకోటు లేదు. పదమూడో శతాబ్దంలో థామస్ అక్వైనస్ తన పెద్ద గ్రంథం మొదట్లోనే దైవవిద్య స్కియెంతియా అవుతుందా కాదా అని ప్రశ్న వేసుకుని, అవుతుందని తేల్చాడు. న్యూటన్ 1687లో పుస్తకం వేసినప్పుడు దాని పేరులో సైన్స్ లేదు, ప్రకృతి తత్వశాస్త్రం అనే ఉంది. సైంటిస్ట్ అన్న మాటకైతే ఇంకా రెండువందల ఏళ్ళు కూడా నిండలేదు. 1833లో కేంబ్రిడ్జిలో బ్రిటిష్ అసోసియేషన్ సమావేశం జరిగినప్పుడు, మీరంతా మిమ్మల్ని ఫిలాసఫర్లని పిలుచుకోవద్దని కవి కోల్‌రిడ్జ్ అభ్యంతరం చెప్పాడట. ఆర్టిస్ట్ అన్నట్టుగా సైంటిస్ట్ అందామని విలియం హ్యూవెల్ సూచించాడు. మరుసటేడు మేరీ సోమర్విల్ పుస్తకం మీద రాసిన సమీక్షలో ఆ మాట అచ్చయింది. చాలామందికి నచ్చలేదు. ఏదో చేతివృత్తి పేరులా ఉందనుకున్నారు కాబోలు.

స్కీరెకి ఇంకా వెనక్కి వెళ్తే కోయడం, చీల్చడం అనే అర్థమున్న ధాతువు తగులుతుందని భాషావేత్తలు చెప్తారు. ఇది ఇది, అది అది అని వేరుచేయగలగడమే తెలియడం అన్నమాట. మనం ఛేదించడం, విచ్ఛేదం అంటామే, ఆ సంస్కృత ఛిద్ ధాతువు కూడా ఆ కుటుంబంలోదే. ఇంగ్లీషులో ఆఫీసుల్లో రోజూ వినబడే, ఇక్కడ రాయలేని ఒక తిట్టు కూడా అక్కణ్ణించే వచ్చింది (ఒంట్లోంచి వేరుచేయబడేది కదా). మరో చుట్టం నైస్. స్కీరెకి వ్యతిరేకం నెస్కీరె, నెస్కియుస్ అంటే ఏమీ తెలియనివాడు. అది ఫ్రెంచిలో నైస్ అయి, మొదట్లో తెలివితక్కువవాడనే అర్థంతో ఇంగ్లీషుకొచ్చి, మెల్లమెల్లగా ఎన్నో చేతులు మారి, మంచివాడుగా తేలింది. "హీ ఈజ్ ఎ నైస్ గై" అని ఎవరైనా అంటే నేనిప్పుడు కాస్త జాగ్రత్తపడతాను.

మనం సైన్స్‌ని శాస్త్రం అన్నాం. ఈ అనువాదం మీద నాకెప్పుడూ చిన్న గుంజాటన ఉంది. శాస్త్రం వచ్చింది శాస్ ధాతువు నుంచి. శాసనం, శాసించడం, "తగిన శాస్తి జరిగింది" అనేటప్పటి శాస్తి, అన్నీ దాని తోబుట్టువులే. స్కియెంతియాలో ఉన్నది తెలియడం, శాస్త్రంలో ఉన్నది చెప్పినట్టు వినడం. మా స్కూల్లో సామాన్యశాస్త్రం ఎలా చెప్పేవారో తలుచుకుంటే అనువాదం తప్పని కూడా అనలేను.

అచ్చంగా స్కీరెకి దగ్గరగా ఉన్నది మన తెలుసు. తెల్ల, తెలుపు, తెలవారడం, తెలివి అన్నీ ఒకే వేరు. తెలుపు అంటే రంగూ అవుతుంది, చెప్పడమూ అవుతుంది. లాటిన్‌వాడికి తెలియడమంటే కోత, మనకి తెలియడమంటే వెలుగు రావడం. పైగా మన వ్యాకరణంలో ఒక విచిత్రం ఉంది. ఇంగ్లీషులో తెలియడమనే పనికి నేను కర్తని. తెలుగులో "నాకు తెలుసు". నాకు ఆకలి, నాకు జ్వరం, నాకు భయం అన్నట్టే. నేను చేసిందేమీ లేదు, అది వచ్చి నా మీద వాలింది. "తెలిసిపోయింది" అంటాం చూడండి, అందులో ఆ నిస్సహాయత ఇంకా బాగా వినబడుతుంది. ఎరుగుదును అనే మాట ఉంది గానీ, ఇప్పుడెవరంటున్నారు?

జ్వరం వచ్చినవాడిది తప్పు కాదు. మరి తెలిసినవాడిది? తెలిసి చేసిన పాపం, తెలియక చేసిన పాపం అని లెక్కలేసే భాష మనది. మధ్యలో ఇంకోటుంది. తెలిసీ ఏమీ చేయకపోవడం. దానికి పేరేమిటి?

ఇక్కడే మాస్టారి చిట్కా పనికొస్తుంది. కాన్ అనేది లాటిన్‌లో కుమ్, అంటే కలిసి, తోడుగా. కాన్‌స్కియెంతియా అంటే కలిసి తెలిసి ఉండడం. మొదట్లో అది ఒంటరిగా లోపల్నించి వినబడే గొంతు కాదు, ఇద్దరు ముగ్గురి మధ్య ఉండే సంగతి. నీకు తెలుసని నాకు తెలుసు, నాకు తెలుసని నీకు తెలుసు. అలా తెలిసినవాణ్ణి కాన్‌స్కియుస్ అనేవారు.

ఆ కాన్‌స్కియుస్‌కి రెండు ముఖాలున్నాయి. ఒకటి సాక్షి. రెండోది నేరంలో భాగస్వామి. రోమన్లకి ఒకే మాట రెండింటికీ సరిపోయింది. క్రీ.పూ. 63 నాటి కాటిలీన్ కుట్ర గురించి సల్లస్ట్ రాసిన చరిత్రలో ఒక పుకారు ఉంది. కాటిలీన్ తన మనుషుల చేత ప్రమాణం చేయించి, మనిషి రక్తం కలిపిన మద్యం గిన్నె అందరి చేతా తాగించాడని. అంత ఘోరాన్ని ఒకరి సంగతి ఒకరికి తెలిసేలా చేస్తే, ఇక ఒకరినొకరు వదల్లేరని. అక్కడ సల్లస్ట్ వాడిన మాట ఇదే, కాన్‌స్కియుస్‌కి బహువచనం. తనకి మాత్రం దీనికి తగినంత ఆధారం దొరకలేదని కూడా ఆయనే చెప్పేశాడు, అది మెచ్చుకోవాలి. నిజమో కాదో గానీ, మనస్సాక్షి అనే మాట పుట్టింటివైపు వెళ్తే దారిలో ఆ గిన్నె కనబడుతుంది.

ఈ మాట లోపలికి ముడుచుకుపోవడం ఎలా జరిగిందో 1651లో థామస్ హాబ్స్ లెవయతన్‌లో కొంచెం చిరాగ్గానే రాశాడు. ఇద్దరు ముగ్గురు ఒకే సంగతిని ఎరిగి ఉండడమే దీని అసలర్థమనీ, అలాంటివాళ్ళే ఒకరికొకరు సరైన సాక్షులు గనక ఆ ఎరుకకి విరుద్ధంగా మాట్లాడ్డం ఘోరమని లోకం అనుకునేదనీ అంటాడు. తర్వాత జనం తమ సొంత రహస్యాలకీ, ఆ తర్వాత తమ సొంత అభిప్రాయాలకీ కూడా అదే పవిత్రమైన పేరు తగిలించుకున్నారని ఎత్తిపొడుస్తాడు. ఆ శతాబ్దంలోనే ఇంగ్లీషు ఈ ఎరుకని రెండుగా కోసింది. మంచిచెడ్డలకి కాన్షెన్స్, స్పృహకి కాన్షస్‌నెస్. ఫ్రెంచిలో ఇప్పటికీ రెండింటికీ ఒకటే మాట. అందుకే జాన్ లాక్‌ని 1700లో ఫ్రెంచిలోకి తెచ్చిన పియెర్ కోస్త్‌కి ఏం చేయాలో తోచక, ఉన్న మాటనే మధ్యలో గీత పెట్టి విడగొట్టి రాశాడు. అనువాదకుల కష్టాల్లో నాకు బాగా నచ్చిన కష్టం ఇది. మా మాస్టారు చేసిందీ అదే.

మనం దీన్ని మనస్సాక్షి అన్నాం. మంచి మాటే. సాక్షి అంటే కళ్ళారా చూసినవాడు. కానీ ఈ సాక్షి రెండు చోట్ల బతికాడు. కోర్టులో సాక్షి నోరు విప్పాలి, అందుకే అతన్ని పిలుస్తారు. వేదాంతంలో సాక్షి చూస్తాడంతే. ముండకోపనిషత్తులో ఒకే చెట్టు మీద రెండు పక్షులుంటాయి, ఒకటి పండు తింటుంది, రెండోది తినకుండా చూస్తుంటుంది. మోక్షానికి ఆ రెండో పక్షి గొప్పదే కావచ్చు. ఆఫీసులో మాత్రం ఆ పక్షులు మరీ ఎక్కువైపోయాయి. మన పాత సినిమాల్లో అంతరాత్మ అద్దంలోంచి వచ్చి హీరోని నిలదీసేది. పాపం అది కూడా హీరోతోనే మాట్లాడేది, బయటికొచ్చి పోలీసుకి చెప్పినట్టు నాకైతే గుర్తులేదు.

ఇదంతా మాటల మీద ఆటలా అనిపించొచ్చు. అందుకే ఒక కేసు చెప్తాను. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్ళెవరైనా దీన్ని తప్పకుండా చదవాలని నా అభిప్రాయం.

1999 నుంచి బ్రిటన్ పోస్టాఫీసు తన బ్రాంచీల్లో హొరైజన్ అనే కంప్యూటర్ లెక్కల వ్యవస్థ పెట్టింది. ఐసీఎల్ కట్టింది, ఆ కంపెనీ ఫుజిత్సుది. ఈ బ్రాంచీలు చాలావరకు ఊళ్ళో చిన్న కొట్టు నడుపుకుంటూ ఒక పక్కన పోస్టు కౌంటరు చూసుకునే సబ్‌పోస్ట్‌మాస్టర్లవి. సాయంత్రం లెక్క చూస్తే డబ్బు తక్కువని స్క్రీన్ చెప్పేది. లోటు వస్తే వాళ్ళే కట్టుకోవాలని పోస్టాఫీసు ఒప్పందం చూపించేది. కట్టారు. పొదుపు తీసి కట్టారు, ఇళ్ళు తాకట్టుపెట్టి కట్టారు. కట్టలేనివాళ్ళ మీద దొంగతనం, తప్పుడు లెక్కల కేసులు. 1999కీ 2015కీ మధ్య తొమ్మిదివందల మందికి పైగా దోషులయ్యారు. కొందరు జైలుకెళ్ళారు. ప్రాణాలు తీసుకున్నవాళ్ళూ ఉన్నారు. ఆ పదహారేళ్ళలో ఎక్కువ కాలం, కంప్యూటర్ సరిగ్గానే పనిచేస్తోందని మొదలే అనుకోమని అక్కడి చట్టం కోర్టులకి చెప్తోంది. అంటే తప్పుందని చూపించాల్సిన బరువు కొట్టు నడుపుకునేవాళ్ళ మీద పడింది.

ఫుజిత్సు దగ్గర ఒక జాబితా ఉండేది. దాని పేరు నోన్ ఎర్రర్ లాగ్. తెలిసిన తప్పుల చిట్టా. వేలకొద్దీ ఎంట్రీలు. బాధితులు కోర్టుకెళ్ళినప్పుడు ఆ చిట్టా బయటపెట్టడానికి పోస్టాఫీసు మొదట్లో అడ్డుపడింది. తర్వాత అదే కేసుకి ఆయువుపట్టయింది.

ఇటువైపు సబ్‌పోస్ట్‌మాస్టర్లు హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసేవాళ్ళు. వాళ్ళలో ఎంతోమంది తర్వాత విడివిడిగా చెప్పింది ఒకటే. ఈ సమస్య మీ ఒక్కరికే ఉంది, ఇంకెవరూ చెప్పలేదు, అన్నారట.

ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒక గదిలో చాలామందికి కలిసి తెలుసు. ఆ గది బయట వందలమందికి విడివిడిగా తెలుసు, కానీ కలిసి తెలియదు. నా లెక్క తప్పుకాదని ఎవరికి వాళ్ళకి తెలుసు. పక్క ఊళ్ళో ఇంకొకరికీ ఇలాగే అవుతోందని తెలియదు. తెలిసినంతసేపూ నేనే ఎక్కడో తప్పుచేశానేమోనన్న అనుమానం దాన్ని తినేస్తూ ఉంటుంది. హెల్ప్‌లైన్‌లో ఆ ఒక్క వాక్యం కోసింది సరిగ్గా కాన్‌నే. స్కియెంతియాని కాదు.

2009 మే నెలలో కంప్యూటర్ వీక్లీ పత్రికలో ఏడుగురి కథలు కలిపి వచ్చాయి. అదే ఏడు అలన్ బేట్స్ పిలిస్తే ఫెన్నీ కాంప్టన్ అనే పల్లెలో, ఊరి సమావేశపు హాల్లో, కొందరు మొదటిసారి కలుసుకున్నారు. ఆ రోజు వాళ్ళకి కొత్తగా ఏ టెక్నికల్ సమాచారమూ దొరికి ఉండదు. ఒకరి కథ ఒకరు విన్నారంతే. ఆ తర్వాత 555 మంది కలిసి దావా వేశారు. 2019 డిసెంబరులో కోర్టు హొరైజన్‌లో లోపాలున్నాయని తేల్చింది. 2024లో పార్లమెంటు చట్టం చేసి వందల శిక్షల్ని ఒక్కసారిగా రద్దుచేసింది.

నాకు దీన్నుంచి అర్థమైంది ఇది: నీకు తెలుసా లేదా అన్నది సగం ప్రశ్నే. ఎవరితో కలిసి తెలుసు అన్నదే మిగతా సగం. నష్టపోతున్న మనిషితో కలిసి తెలిస్తే నువ్వు సాక్షివి. నష్టపోనివాళ్ళంతా ఒకచోట కూర్చుని, ఆ మనిషి లేకుండా తెలుసుకుంటే, అది సల్లస్ట్ చెప్పిన గిన్నె. ఎంత నిజాయితీగా రికార్డు చేసుకున్నా సరే. ఒంటరిగా నిలబడి అందరికీ ఎదురుచెప్పిన మనుషులు లేరా, వాళ్ళది మనస్సాక్షి కాదా అంటారేమో. ఉన్నారు. కానీ వాళ్ళు కూడా ఎదురుగా లేని ఎవరినో తమ పక్కన నిలబెట్టుకునే మాట్లాడారని నాకనిపిస్తుంది. హాబ్స్ అంత కఠినంగా నేనుండలేను.

ఇప్పుడు టికెట్టు.

కొన్నేళ్ళ క్రితం నేను పనిచేసిన ఒక చోట చిన్న చిన్న అప్పులిచ్చే యాప్‌కి వెనకాల కోడ్ రాసేవాళ్ళం. అందులో పేర్లు సరిపోల్చే మాడ్యూల్ ఒకటి ఉండేది. పాన్ కార్డులో పేరూ, బ్యాంకులో పేరూ పోల్చి మార్కులేస్తుంది, మార్కులు తగ్గితే దరఖాస్తు పోయినట్టే. మన పేర్ల సంగతి మీకు తెలుసు. లక్ష్మి ఒకచోట కె ఎస్ హెచ్, ఇంకోచోట ఎక్స్. ఇంటిపేరు ఒక కార్డులో ముందు, ఒక కార్డులో వెనక, ఒక కార్డులో పొట్టి అక్షరం. పెళ్ళయ్యాక మారిన ఇంటిపేరైతే ఇక చెప్పక్కర్లేదు. ఆ మాడ్యూల్‌కి ఇదంతా అబద్ధంలా కనిపించేది. కనిపెట్టింది నేనే. గర్వంగా టికెట్టు రాశాను, ఉదాహరణలతో సహా. ప్రయారిటీ తక్కువ అన్నారు. విడుదల నోట్సులో నోన్ ఇష్యూస్ అనే శీర్షిక కింద చేరింది. ఆ శీర్షికలో ఉన్న ప్రశాంతత మీరెప్పుడైనా గమనించారా? తెలుసు అని రాసుకున్నాక ఏదో పని పూర్తయినట్టే ఉంటుంది.

తర్వాత ఏదో వేరే పనికోసం కస్టమర్ కాల్ రికార్డింగులు కొన్ని వినాల్సొచ్చింది. ఒకామె, మాట తీరు చూస్తే గోదావరి జిల్లాల వైపు. "నా పేరు నాది కాదంటుందేంటండీ మీ ఫోను?" అంది. అటువైపు అబ్బాయి ఏదో చెప్పాడు. "అందరికీ ఇలాగే వత్తందా బాబూ, నాకొక్కదానికేనా?" అనడిగింది. ఆ అబ్బాయి, పాపం అతనికేం తెలుసు, "మీకే చూపిస్తోందమ్మా, మీ డాక్యుమెంట్లు ఒకసారి చెక్ చేసుకోండి" అన్నాడు. "సరే నాయనా, నాదే ఏదో తప్పయ్యుంటది" అని పెట్టేసింది.

అప్పటికి హొరైజన్ కథ చదివి ఉన్నాను. పోలిక తోచలేదని చెప్పలేను. ఆమె జైలుకెళ్ళలేదు, ఒక చిన్న అప్పు దొరకలేదు, అంతేగా అని కూడా అనుకున్నాను. ఆ అప్పు దేనికోసమో నాకు తెలియదు. హెల్ప్‌లైన్ వాళ్ళు చదివే స్క్రిప్టులో ఒక్క వాక్యం మార్పిద్దామని, ఇది మా వైపు సమస్య, చాలామందికి వస్తోంది అని చెప్పిద్దామని మా మేనేజరుని అడిగాను. అలా ఒప్పుకుంటే లీగల్‌వాళ్ళు ఊరుకోరు అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. నైస్ గై. నేనూ రెండోసారి అడగలేదు. ఈఎంఐలున్నాయి, అప్రైజల్ దగ్గరకొచ్చింది, ఇలాంటివన్నీ ఎప్పుడూ ఉంటాయి.

మా టికెట్ల వ్యవస్థలో ఒక టికెట్టుని గమనిస్తున్నవాళ్ళ పేర్లు కుడిపక్కన కనిపిస్తాయి. వాళ్ళని వాచర్స్ అంటారు. నా టికెట్టుకి పదకొండుమంది వాచర్లు. టెస్టింగ్ వాళ్ళు, ప్రోడక్ట్ వాళ్ళు, మా మేనేజరు, నేను. టీ దగ్గర ఎప్పుడైనా ఆ ప్రస్తావన వస్తే, "ఆఁ, అది తెలుసు కదా" అని నవ్వుకునేవాళ్ళం. అందరం తెలిసినవాళ్ళమే.

ఏడాదిన్నర తర్వాత ఆ మాడ్యూల్ తీసేసి బయటివాళ్ళ ప్రోడక్ట్ ఏదో కొన్నారు. పాత టికెట్లన్నీ ఒకేసారి మూసేశారు. ఒక శుక్రవారం సాయంత్రం పదకొండుమందికీ ఒకే మెయిల్ వచ్చింది: స్టేటస్ క్లోజ్డ్, కారణం ఇక వర్తించదు. నేను బస్సులో ఉన్నాను. చదివి, ఆర్కైవ్ నొక్కాను.